మెట్ల మీద ధర్నా

మా సారు సుగర్ పరీక్షకు చదువుకొని పోతడు. నవ్వకుండ్రి, ఉత్తగ అంటలే. పరీక్ష ఇంక మూడు దినాలుందనంగ ఇంట్ల అన్నం బంద్. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కాకరకాయ రసం, మాపటికి ఒక్క జొన్నరొట్టె. ఎన్నడు లేంది ఇందిరా పార్కుకు పోయి నడుస్తడు. నాలుగో దినం చిక్కడపల్లిల ల్యాబుకు పోయి రక్తమిచ్చి, సాయంత్రం కాయితం పట్టుకొని నవ్వుకుంట వస్తడు. "నూట పద్దెనిమిది. ఫస్ట్ క్లాస్!" అంటడు. తెల్లారి నుంచి మళ్ల మామూలే. రెండు పూటల బువ్వ, ఛాయ్‌ల నిండుగ చక్కెర, నేను చూస్తలేననుకొని డబ్బాలకెల్లి బాదుషాలు.

కోచింగ్ సెంటర్ల పాఠం చెప్పెటోని బుద్ధి ఎక్కడికి పోతది? అశోక్‌నగర్‌ల ఉమాకాంత్ సారంటె తెల్వని పిల్లలు లేరు. గ్రూప్స్ పరీక్షలకు పాలిటీ చెప్తడు. "పరీక్షల ఏమొస్తదో గంతే చదువుండ్రి, మిగిలిందంత దండగ" అని పిల్లలకు చెప్పే మాటనే తన ఒంటికి గుడ చెప్పుకున్నడు. నేను సర్కారు హైస్కూల్ల బయాలజీ టీచర్ని. గుండె బొమ్మ బోర్డు మీద కండ్లు మూసుకొని గీస్త. ఏం లాభం? ఆయన పెండ్లాన్నే గని ఇంట్ల నా మాట చెల్లలే. నేను నోరు తెరిస్తె చాలు, కాయితం ముందర పెడతడు. "రిపోర్టు అబద్ధం చెప్తదా రాగిణీ?" అంటడు. గోడకు చెప్పుకున్నా గోడ ఇంటదేమో గని ఈయన ఇనడు.

ఈ ఎండాకాలం ఆ కాయితంతోనే నాకు లడాయి అయింది.

ఏప్రిల్ ఆఖరుల మా సారుకు పన్ను నొప్పి మొదలైంది. ఎడమ పక్క, కింది దవడ. అప్పుడు అశోక్‌నగర్ అంత ఒకటే సందడి. నోటిఫికేషన్ వస్తదంట అని పుకారు లేసింది. ఊర్లకు పోయిన పిల్లలు మళ్ల హాస్టళ్లకు వచ్చిన్రు. కోచింగ్ సెంటర్ ఓనరు జగదీశ్వర్ కొత్త బ్యాచ్ అని సందు సందుకు ఫ్లెక్సీలు కట్టించిండు. అన్నిట్ల మా సారు బొమ్మనే, చెయ్యి లేపి ఏదో చెప్తున్నట్టు. గిసొంటి టైముల పన్ను నొస్తె ఎట్ల? పోయి పన్ను డాక్టరు ముందర కూసున్నడు. డాక్టరు మంచోడే. "ఈ పన్ను జర కదులుతుంది గని, నొప్పి దీనిదే అని నేను చెప్పలేను సార్" అన్నడంట. మా సారు ఊకుంటడా? "కదిలే పన్ను ఉంటే ఎంత, పోతే ఎంత, పీకెయ్యుండ్రి" అన్నడు. సుగర్ ఎంతుందని అడిగితె జేబులకెల్లి ఫస్ట్ క్లాస్ కాయితం తీసిండు. పన్ను పోయింది.

వారం దాటినంక ఒక దినం కూరగాయల సంచి పట్టుకొని మా ఇంటి మెట్లెక్కి వచ్చిండు. సంచి గడప మీదనే పెట్టి దవడ పట్టుకొని నిలబడ్డడు. నుదురంత చెమట.

"ఏమైంది?" అన్న.

"పన్ను."

"ఏ పన్ను? పీకిన్రు గదా!"

"పక్కదయ్యుంటది. వంకాయలు మంచిగున్నయి చూడు" అని లోపలికి పోయిండు. నేను వంకాయలు చూసిన. గప్పుడు నాకు గుడ ఇంకేం తోచలే.

మే నెలల మా టీచర్లకు ట్రైనింగ్ పడ్డది. సెలవులల్ల! నారాయణగూడల ఒక బడి హాలు, మూలకొక కూలర్. దాంట్లకెల్లి గాలి కంటె సప్పుడే ఎక్కువొస్తది. నేర్పించేది 'సమస్య ఆధారిత అభ్యసనం'. అంటె టీచర్ పాఠం చెప్పుడు గాదు. పిల్లల ముందర ఒక సమస్య పెట్టాలె. దాంట్ల తమకు ఏం తెలుసు, ఏం తెల్వదు అని వాళ్లే చూసుకోవాలె. తెల్వనిదాన్ని అడిగి, వెతికి, వాళ్లే నేర్చుకోవాలె. మంచి ముచ్చటనే. గని మాకు నేర్పుతానికి వచ్చిన గోవర్ధన్ సారు దీన్ని పొద్దటి సంది పగటి బువ్వ దాక తెర మీద చూసుకుంట చదివిండు. పిల్లల్ని ప్రశ్నలు అడగనియ్యాలె అని పదిసార్లు చెప్పిండు, మమ్మల్ని మాత్రం ఒక్కటి అడగనియ్యలే.

నేను చెయ్యి లేపిన. "సార్, ఇంతసేపు మీరు చేసింది ఏ పద్ధతి?"

హాలంత నవ్వింది. ఆయన నవ్వలే.

బువ్వ తిన్నంక గ్రూపులు చేసిన్రు. నా గ్రూపుల నల్లకుంట నుంచి వచ్చిన లెక్కల సారు జైపాల్, గాంధీనగర్ నుంచి తెలుగు టీచర్ దమయంతి. మాన్యువల్‌ల ఇచ్చిన సమస్య దోమలు. 'మీ వీధిలో దోమలు ఎందుకు పెరిగాయి?' దమయంతి ఆవలించింది. జైపాల్ సారు ఫోన్ తీసిండు.

"దోమలొద్దు. నా కాడ ఒక సమస్య ఉంది" అని చార్టు మీద రాసిన. ఒకాయనకు యాభై ఆరేండ్లు. ఏండ్ల సంది సుగర్. పరీక్ష చేయిస్తె ఎప్పుడు మంచిగనే వస్తది. పన్ను నొప్పని పన్ను పీకించుకున్నడు. పన్ను పోయింది, నొప్పి పోలే. ఎందుకు?

ఎవరి గురించని ఇద్దరు అడగలే. జైపాల్ సారు ఫోన్ లోపల పెట్టి కండ్లద్దాలు సర్దుకున్నడు.

"ఎప్పుడు మంచిగనే వస్తదా మేడం? ఒక్కసారి గుడ ఎక్కువ తక్కువ కాలేదా?"

"కాలే."

"నా క్లాసుల ఎవడన్న అన్ని పరీక్షలల్ల ఒక్కతీరుగ మార్కులు తెచ్చుకుంటె నేను ముందుగాల వాని పక్క బెంచీ చూస్త. పరీక్ష ఏ దినం చేయించాల్నో ఎవరు చెప్తరు?"

"ఆయననే పెట్టుకుంటడు."

"తారీఖు ఆయనదే, సిలబస్ ఆయనదే. ఇగ ఫెయిలెట్ల అయితడు మేడం?"

నాకు ఒళ్లంత మంటెత్తింది. జైపాల్ సారు మీద గాదు. మూడు నెలల సుగర్ అని ఒక పరీక్ష ఉంటది. వెనకటి మూడు నెలలు రక్తంల చక్కెర ఎట్లున్నదో సగటున చెప్తది, దానికి మూడు దినాల రాగి జావ పని చెయ్యదు. అది చేయించుకోండ్రి అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్న! "ఫాస్టింగ్ మంచిగుండంగ అదెందుకు" అని తప్పించుకుంటుండె.

దమయంతి మెల్లగ అడిగింది. "అక్కా, ఆ నొప్పి ఎప్పుడొస్తది? నమిలేటప్పుడా?"

చెప్దామని నోరు తెరిచిన. తెల్వదు. ఇంట్ల మనిషి, రోజు మూడు పూటల నా చేతి బువ్వ తినే మనిషి. ఎప్పుడు నొస్తదో నాకు తెల్వదు. వంకాయల సంచి యాదికొచ్చింది. అప్పుడు నమలలే, మెట్లెక్కిండు.

దమయంతి తమ్ముడు డాక్టరు. ఆమె ఆడనే ఫోన్ చేసి స్పీకర్ల పెట్టింది. ఆ పిల్లగాడు మొత్తం విని ఒక్క మాట అడిగిండు. "నడిస్తె వచ్చి, నిలబడితె పోతుందా?"

"చూడాలె" అన్న.

"చూడుండ్రి అక్కా. గట్లయితె అది పన్ను గాదు, గుండె కావచ్చు. సుగరున్నోళ్లకు ఛాతిల నొప్పి రాకపోవచ్చు. దవడల రావచ్చు, ఉత్త ఆయాసం రావచ్చు. లేట్ చెయ్యొద్దు."

గోవర్ధన్ సారు వచ్చి మా చార్టు చూసిండు. "మేడం, ఇది మాన్యువల్‌ల లేదు. దోమలు ఏవి?"

"మాన్యువల్‌ల ఉన్నది మీ సమస్య సార్. ఇది నాది."

"రేపు రిపోర్టు ఇయ్యాలె మీరు."

"రేపు నేను రాను" అన్న.

తెల్లారి శనివారం. మా సారు క్లాసుకు బయలెల్లినంక నేను గుడ చెప్పులేసుకొని వెనకాల పోయిన. పెండ్లయినప్పటి సంది ఎన్నడు ఆయన వెనక గట్ల పోలే, ఎవరన్న చూస్తె ఏమనుకుంటరోనని సిగ్గు గుడ అయింది. చిక్కడపల్లి లైబ్రరీ దాటేదాక మంచిగనే నడిచిండు. ఆ తర్వాత పాత పుస్తకాల బండి కాడ ఆగిండు. ఒక పుస్తకం తీసి, తెరవకుండనే పట్టుకొని నిలబడి, మళ్ల పెట్టి నడిచిండు. చెరుకు రసం బండి కాడ ఆగిండు, రసం తాగలే. అశోక్‌నగర్ చౌరస్తాల తన ఫ్లెక్సీ కిందనే ఆగి దవడ పట్టుకున్నడు. పైన బొమ్మ చెయ్యి లేపి నవ్వుతున్నది. కింద మనిషి గోడకు ఆనుకున్నడు.

పక్కకు పోయి నిలబడ్డ. నన్ను చూసి ఉలికిపడ్డడు.

"నువ్వేంది ఈడ? ట్రైనింగ్ లేదా?"

"నొస్తుందా?"

"కొంచెం. పన్నే."

"జర గిట్లనే నిలబడుండ్రి." నిలబడ్డం. ఆటోలు పోతున్నయి, పిల్లలు "నమస్తే సార్" అనుకుంట పోతున్నరు. "ఇప్పుడు?"

"తగ్గింది" అన్నడు. సంబురంగ అన్నడు, నా మీద గెలిచినట్టు. దమయంతి తమ్ముడు అడిగిన మాట గిదే.

"దవాఖానకు పోదాం పదండ్రి. ఇప్పుడే. అది పన్ను గాదు, గుండె."

"పిచ్చిదానివా? లోపల అరవై మంది కూసున్నరు." అని పోనే పోయిండు. నేను చౌరస్తాల నిలబడి ఆ ఫ్లెక్సీని తిట్టిన. కొబ్బరిబోండాలాయన నన్నే చూస్తుండె.

ఇగ సాయంత్రం ఇంట్ల రామాయణం. అరిచిన, ఏడ్సిన, దమయంతి తమ్మునితోని ఫోన్ల మాట్లాడించిన. అంత విని మా సారు మెత్తగ అయిండు. "సరే, పోదాం. ఎందుకు పోం? రేపు ఆదివారం కొత్త బ్యాచ్ మొదలు, అది కానియ్యి. ఆ తర్వాత ఒక మూడు దినాలు టైమియ్యి. అన్నం బంద్ చేసి, జర నడిచి, మంచిగ తయారై పోత."

"గుండెకు గుడ ప్రిపేరై పోతరా?"

"రిపోర్టు ఖరాబ్ వస్తె వాళ్లు ఏదేదో చెప్తరు రాగిణీ. నీకు తెల్వదు."

నాకు తెల్వదంట! ఇగ ఈయనతోని మాటల పని లేదని గప్పుడే అనుకున్న.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి పోంగనే నేను ఇంట్లకెల్లి బయటపడ్డ. కోచింగ్ సెంటర్ మూడో అంతస్తుల ఉంటది. లిఫ్టు ఉంది గని ఎప్పుడో ఖరాబైంది, దాంట్ల పాత బెంచీలు పెట్టిన్రు. నేను పోయి కింది మెట్ల మీద, నడిమిట్ల కూసున్న. పిల్లలు ఒకరొకరే వచ్చుడు మొదలైంది. ముందు నన్ను తప్పుకొని పోయిన్రు. తర్వాత ఆగిన్రు. తర్వాత బయట రోడ్డు దాక నిండిన్రు. ఎవరో ఫోన్ తీసి వీడియో గుడ తీస్తున్నడు. తియ్యనియ్యి.

జగదీశ్వర్ పరేషాన్‌గ దిగొచ్చిండు. "మేడం! ఏమైంది? కుర్చీ తెప్పియ్యాల్నా?"

"వద్దు. ధర్నా కుర్చీల మీద చెయ్యరు."

"ధర్నానా? దేనికి మేడం?"

"మా సారును ఈ మెట్లెక్కనియ్య."

ఆయన నవ్వాల్నా వద్దా తెల్వక నవ్విండు. "ధర్నా చౌక్ గీ పక్కనే ఉంది గదా మేడం. ఆడయితె టెంటు గుడ వేసుకోవచ్చు."

"సమస్య ఈ మెట్ల మీద ఉంటె ఆడ కూసుని ఏం చెయ్యాలె?"

పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. సంగతి ఏందో వాళ్లకు తెల్వదు, ధర్నా అంటె చప్పట్లు కొట్టుడు అశోక్‌నగర్ పిల్లలకు అలవాటే. అంతల్నే వాళ్లు దారిచ్చిన్రు. మా సారు వచ్చిండు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, జేబుల రెండు పెన్నులు. నన్ను చూసి ముఖమంత ఎర్రగైంది.

"రాగిణీ, లే. ఇజ్జత్ తియ్యకు."

"పోయిన ఇజ్జత్ రేపన్న తెచ్చుకోవచ్చు. ఒక నాలుగు మాటలు అడుగుత, జవాబు చెప్పి నన్ను దాటి పోండ్రి. పన్ను పీకించినంక నొప్పి పోయిందా?"

జేబుల పెన్నులు సర్దుకున్నడు.

"పిల్లలకు బోర్డు మీద ప్రశ్నలు రాసి జవాబు రాకపోతె నిలబెడతరు గదా. చెప్పుండ్రి. పోయిందా?"

"పోలే."

"ఎప్పుడొస్తది?"

పిల్లలంత ఆయన్నే చూస్తున్నరు. గొంతు తగ్గించి "నడిస్తె" అన్నడు.

"నిలబడితె?"

"పోతది."

"మరి అది పన్నెట్ల అయితది?"

జగదీశ్వర్ గడియారం చూసుకున్నడు. "మేడం, ఈ ఒక్క డెమో క్లాస్ కానియ్యుండ్రి, నేనే నా కార్ల తీస్కపోత. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన్రు."

వెనకాల నుంచి ఒక ఆడపిల్ల, భుజానికి బ్యాగు, నెత్తికి చున్నీ చుట్టుకున్నది, గట్టిగ అన్నది. "నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు ఆగినం సార్. మీ కోసం ఒక్క దినం ఆగలేమా?"

అందరు గొల్లున నవ్విన్రు. మా సారు గుడ నవ్విండు. నవ్వుకుంటనే మెల్లగ వచ్చి నా పక్కన మెట్టు మీద కూసున్నడు. పిల్లలు ఆయన ఓడిపోయి కూసున్నడనుకున్నరు. నేను గుడ గట్లనే అనుకున్న. నా చెవి కాడికి వంగి చెప్పిండు.

"రాగిణీ, కూసున్నా పోతలేదు."

ఆయన చెయ్యి పట్టుకున్న. చల్లగున్నది, చెమటతోని తడిసిపోయింది. ఇగ నేను ఏం అరిచిన్నో నాకు యాదికి లేదు. పిల్లలే ఎత్తుకున్నరు, పిల్లలే ఆటో ఆపిన్రు. చున్నీ పిల్ల ముందర పరుగెత్తి చౌరస్తాల బండ్లు ఆపింది. మా సారు నా భుజం మీద తల పెట్టి "క్లాసు..." అంటుండె. "క్లాసు సల్లగుండ, నోర్మూసుకోండ్రి" అన్న.

దవాఖానల వెంటనే లోపలికి తీస్కపోయి రెండు స్టెంట్లు వేసిన్రు. ఇంకొంచెం ఆలస్యమైతె ఏమయ్యేదో డాక్టరు చెప్పలే, నేను అడగలే. వేరేది చెప్పిండు.

"గుండెపోటు ఇది మొదటిది గాదమ్మా. ఇంతకుముందు ఎప్పుడో ఒకసారి వచ్చి పోయింది. గుండెల కొంత భాగం ముందే దెబ్బతిన్నది. మీకు తెల్వదా?"

"తెల్వదు."

"సుగర్ అదుపుల ఉన్నదని రాయించిన్రు. మూడు నెలల సుగర్ పదకొండు దాటింది. ఏడు దాటకుండ చూసుకోవాలె."

బయటికొచ్చి నల్లా కాడ నిలబడి ఏడ్సిన. బాధతో గాదు, కోపంతో. మొదటిది ఎప్పుడొచ్చిందో? ఫస్ట్ క్లాస్ అని కాయితం ఊపుకుంట వచ్చిన సాయంత్రాలల్ల ఏ సాయంత్రమో? ఊరి పిల్లలందరికి గుండె పాఠం చెప్పేదాన్ని, నా ఇంట్లనే ఒక గుండె సగం చెడిపోయి నా పక్కన కూసుని టీవీ చూసింది. అందరికి శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదంటరు, గట్లయింది నా కథ. అప్పుడే గోవర్ధన్ సారు ఫోన్. "మేడం, మీరు ట్రైనింగ్ నడుమ పోయిన్రు. సర్టిఫికెట్ రాదు."

"మీ కాడనే ఉంచుకోండ్రి సార్. మాకు సమస్య తీరింది" అన్న. తీరలేదని అప్పటికి తెల్వదు.

మా సారు ఇంటికొచ్చిండు. చౌరస్తాల ఆయన బొమ్మ మీద వేరే సారు బొమ్మ కట్టిన్రని ఎవరో చెప్పిన్రు. అప్పటి సంది ముచ్చట్లు బంద్. పెట్టింది తింటడు, మందులేసుకుంటడు, నడవమంటె నడుస్తడు. కండ్లల్లకు చూడడు. వేలు పొడిచి సుగర్ చూద్దామంటె చెయ్యి ఇచ్చి ముఖం తిప్పుకుంటడు. "ఎంతొచ్చిందో నాకు చెప్పకు" అంటడు. బెంగుళూరు నుంచి వచ్చిన మా బిడ్డ మాధురి గుడ వారం దినాలు బతిమిలాడి అలిసిపోయి వాపస్ పోయింది. డాక్టరు నాతోని సాఫ్‌గ చెప్పిండు. "మనిషి తన రోగాన్ని తాను చూసుకోకపోతె నా స్టెంట్లు ఎన్ని దినాలు కాపాడుతయి?" భయమంటె నాకు గప్పుడు తెలిసింది. మెట్ల మీద తెల్వలే.

జూన్‌ల బడి తెరిచిన్రు. తొమ్మిదో తరగతి. పుస్తకం మూసిపెట్టి, ఆ చార్టు మీద రాసిన మాటలే బోర్డు మీద రాసిన. పన్ను పోయింది, నొప్పి పోలే, ఎందుకు? పిల్లలు రెండు దినాలు కొట్లాడుకున్నరు. ఇంట్ల అమ్మమ్మల్ని, మందుల షాపోళ్లను, ఎదురింటి కాంపౌండర్‌ను అడిగొచ్చిన్రు. మూడో దినం ఉదయశ్రీ అనే పిల్ల లేచి "టీచర్, ఇగ ఆయన్నే అడగాలె. మాకు ఇంక తెల్వాల్సింది ఆయనకే తెలుసు" అన్నది.

ఇంటికొచ్చి చెప్పిన. మా సారు రొట్టె పక్కకు పెట్టి మొదటిసారి కోపం చేసిండు.

"నన్ను బొమ్మ లెక్క నిలబెట్టి చూపిస్తవా?"

"బొమ్మ లెక్క జగదీశ్వర్ కట్టిండు. నేను మనిషి లెక్క రమ్మంటున్న. ఇన్నేండ్లు ప్రశ్నలు మీరే అడిగిన్రు. ఒక్క పీరియడ్ జవాబు చెప్పుండ్రి, భయమా?"

ఆ మాట పడ్డది. తెల్లారి ఇస్త్రీ అంగీ వేసుకొని వచ్చిండు. క్లాసు కింది అంతస్తులనే, మెట్లు లేవు. నేను వెనక బెంచీల కూసున్న. ముందుగాల పిల్లలు మెత్తటి ప్రశ్నలే అడిగిన్రు. నొప్పి ఎట్లుండె, స్టెంటు ఎక్కడికెల్లి పెట్టిన్రు, లడ్డు తినబుద్ధయితదా. మా సారు చేతులు తిప్పుకుంట హుషారుగ చెప్పిండు. మూడు దినాల ప్రిపరేషన్ ముచ్చట చెప్తె క్లాసంత నవ్వింది.

ఉదయశ్రీ నవ్వలే. "సార్, అది తప్పని మీకు తెల్వదా?"

"తెలుసు బిడ్డ."

"మరి ఎందుకు చేసిన్రు?"

మా సారు నా దిక్కు చూసిండు. ముప్పై ఏండ్లల్ల ఎన్ని వేల ప్రశ్నలకు టకటక చెప్పిండో, ఈ ఒక్కదానికి బల్ల అంచు పట్టుకున్నడు. నేను లెవ్వబోయిన, మళ్ల కూసున్న.

"భయమైంది" అన్నడు.

"దేనికి సార్?"

"మా నాయినకు గిదే సుగర్. కాలు పుండైంది, మోకాలి కాడికి తీసేసిన్రు. అప్పుడు నాకు మీ కంటె నాలుగైదేండ్లు ఎక్కువుంటయేమో. ఆపరేషన్ అయినంక ఆ కాలును గుడ్డల చుట్టి తీసుకొచ్చి, ఇంటోళ్లెవరు అని నా చేతులల్ల పెట్టిన్రు. నేనొక్కన్నే పోయి బొంద తవ్వి పూడ్చి వచ్చిన. బరువుండె. కాలు గంత బరువుంటదని నాకు తెల్వదు." చేతులల్లకు చూసుకున్నడు, మళ్ల బల్ల పట్టుకున్నడు. "నా రిపోర్టుల ఎక్కువ వస్తదేమో అనుకున్నప్పుడల్ల ఆ బరువు చేతులల్లకు వస్తది. అందుకే తక్కువ రాయించుకున్న."

మామకు కాలు తీసిన్రని నాకు తెలుసు. ఆ కాలు ఎవరు మోసిన్రో ఇన్నేండ్ల కాపురంల నాకు చెప్పలే ఈ మనిషి. నాకు చెప్పలే గని తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పిండు. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఒక్కదిక్కు పోయి కావలించుకోబుద్ధయింది, ఒక్కదిక్కు తన్నబుద్ధయింది. లేచి పోయి ఆయన పక్కన నిలబడ్డ. బల్ల మీద ఉన్న చెయ్యి మీద నా చెయ్యి పెట్టిన, పిల్లల ముందరనే.

హెడ్‌మాస్టరు తలుపు కాడికొచ్చి గడియారం చూపించిండు. "మేడం, బెల్లు అయింది. తర్వాత సోషల్."

"సోషల్ సారుకు చెప్పుండ్రి, ఈ దినం ఈ క్లాసు నాదే" అన్న.

ఉదయశ్రీ ఇంక నిలబడే ఉంది. అడగాల్నా వద్దా అని నా ముఖం చూస్తున్నది.

"అడుగు బిడ్డా" అన్న.

"ఇప్పుడు గుడ భయమైతదా సార్?"

"అయితది" అన్నడు మా సారు. నా చెయ్యి కిందున్న తన చెయ్యి వెనకకు తీసుకోలే.